పొట్ట కొవ్వుకీ క్యాన్సర్‌కీ ముడి ఏంటి? ఆ ముడి విప్పడానికి ఎవరు డబ్బు పెట్టారు? మన పంటకు ఇందులో చోటెంత?

పై వీడియోలో సమయం సరిపోక కొన్ని విషయాలు పైపైన చెప్పి వదిలేశాను. వాటిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్ళకు కూడా అర్థమయ్యేలాగే ఉంటుంది.

అసలు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నానంటే, పోయిన నెలలో ఒక రైతు మిత్రుడు ఫోన్ చేశాడు. నాలుగేళ్ళుగా ఘనజీవామృతం, ద్రవజీవామృతంతో దేశీ వరి పండిస్తున్నాడు. సొంతంగా బియ్యం ప్యాక్ చేసి అమ్ముకుంటున్నాడు. "అన్నా, సంచి మీద 'ఈ బియ్యం తింటే షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ రాదు' అని వేయిద్దామనుకుంటున్నా. పక్క ఊళ్ళో ఒకాయన అలాగే వేసి రెట్టింపు రేటుకు అమ్ముతున్నాడు. నువ్వేమంటావు?" అని అడిగాడు. వద్దని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టలేదు. "ఎందుకొద్దు?" అని అడిగాడు చూడండి, దానికి జవాబు చెప్పడానికి నాకు చాలా చదవాల్సి వచ్చింది. ఆ చదివిందే ఇది.

కొవ్వు ఊరికే కూర్చోదు

మనం ఏమనుకుంటాం? ఒంట్లో కొవ్వు అంటే గాదెలో ధాన్యం లాంటిది, మిగిలింది దాచుకున్నాం, అవసరమైతే తీసుకుంటాం అని. అది సగమే నిజం. గాదెలో ధాన్యం ఏ పనీ చేయదు. కొవ్వు మాత్రం రాత్రింబవళ్ళు పని చేస్తూనే ఉంటుంది. హార్మోన్లు తయారు చేస్తుంది, రక్తంలోకి సంకేతాలు వదులుతుంది. ముఖ్యంగా పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో ఐఏఆర్‌సీ అనే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఉంది. 2002లో వాళ్ళు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చోబెట్టి చూసి, అధిక బరువుకు 5 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉందని తేల్చారు. 2016లో మళ్ళీ కూర్చున్నారు. ఈసారి వెయ్యికి పైగా అధ్యయనాలు చూశారు. లెక్క 13కి చేరింది. అన్నవాహికలో ఒక రకం, జీర్ణాశయం పైభాగం, పెద్దపేగు–మలాశయం, కాలేయం, పిత్తాశయం, క్లోమం, మూత్రపిండం, థైరాయిడ్, గర్భాశయం, అండాశయం, నెలసరి ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ళకు వచ్చే రొమ్ము క్యాన్సర్, మెదడు పొరల్లో వచ్చే మెనింజియోమా, ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా.

ఇక్కడ ఒక్క మాట. లావుగా ఉన్నవాళ్ళందరికీ క్యాన్సర్ వస్తుందని దీనర్థం కాదు. అవకాశం పెరుగుతుంది, అంతే. ఆ పెరగడం కూడా అన్నిటికీ ఒకేలా లేదు. గర్భాశయ క్యాన్సర్ తీసుకుంటే, చాలా ఎక్కువ ఊబకాయం, అంటే బీఎంఐ 40 దాటినవాళ్ళలో, మామూలు బరువువాళ్ళతో పోలిస్తే సుమారు 7 రెట్లు ఎక్కువ. అదే నెలసరి ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్‌లో, బీఎంఐ 5 పెరిగితే ముప్పు 10% వరకు పెరుగుతుంది. రెంటికీ చాలా తేడా ఉంది కదా. "ఊబకాయం వల్ల క్యాన్సర్" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు ఈ తేడా చెప్పరు.

ఇప్పుడు ఎలా జరుగుతుందో చూద్దాం. ముఖ్యంగా మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది ఇన్సులిన్. పొట్ట కొవ్వు, కాలేయ కొవ్వు పెరిగితే శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. చెవుడు వచ్చిన మనిషితో మాట్లాడాలంటే గొంతు పెంచుతాం కదా, క్లోమం కూడా అదే చేస్తుంది, ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర అదుపులోనే ఉన్నట్టు రిపోర్టులో కనపడుతుంది, కానీ రక్తంలో ఇన్సులిన్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండిపోతుంది. ఇన్సులిన్ అంటే చక్కెర సంగతి ఒక్కటే కాదు, కణాలకు "పెరుగు, చీలు" అని చెప్పే సంకేతం కూడా. పైరుకు యూరియా ఎక్కువైతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఏపుగా పెరుగుతుంది, మెత్తబడుతుంది, తెగులుకు దొరికిపోతుంది. పోలిక నూటికి నూరు పాళ్ళు సరిపోదు గానీ, విషయం అర్థం కావడానికి చాలు.

రెండోది ఈస్ట్రోజన్. నెలసరి ఆగిన తర్వాత అండాశయాలు ఈస్ట్రోజన్ తయారు చేయడం దాదాపు మానేస్తాయి. అప్పుడు ఆ పని కొవ్వు కణాలు అందుకుంటాయి. అరోమటేజ్ అనే ఎంజైము వేరే హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే ఈస్ట్రోజన్ అంత ఎక్కువ. రొమ్ము, గర్భాశయం కణాలకు అది పెరగమనే సంకేతం. నెలసరి ఆగిన తర్వాతే బరువుకీ రొమ్ము క్యాన్సర్‌కీ ఈ సంబంధం ఎందుకు కనిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడోది వాపు. కంటికి కనపడే వాపు కాదండి, లోలోపల సన్నగా కాలే నిప్పు. కొవ్వు కణాలు మరీ ఉబ్బితే అక్కడికి రోగనిరోధక కణాలు చేరతాయి. వాటి నుంచి వచ్చే రసాయనాలు ఒళ్ళంతా తిరుగుతాయి. పొట్టు కుప్పలో నిప్పు పడితే మంట రాదు, పొగ మాత్రం రోజుల తరబడి వస్తుంది, అలా. కాలేయంలో కొవ్వు, వాపు, గట్టిపడటం, ఆపై క్యాన్సర్ అనే వరస ఇలాగే నడుస్తుంది. చుక్క మందు ముట్టనివాళ్ళకి కూడా.

ఒక్క డిపార్ట్‌మెంట్‌తో అయ్యే పని కాదు

ఇక్కడే పరిశోధన డబ్బు సంగతి వస్తుంది. ఈ మూడు దారులూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఇన్సులిన్ చదివే శాస్త్రవేత్తకు క్యాన్సర్ తెలియదు. క్యాన్సర్ డాక్టరుకు ఆహారం తెలియదు. ఆహారం తెలిసినవాళ్ళకు జన్యువులు తెలియవు. మనుషులు ఎందుకు నడవడం మానేశారో చెప్పాలంటే ఊరి రోడ్లు, బజార్లు చూసేవాళ్ళు కావాలి. ఎవరి గ్రాంటు వాళ్ళది, ఎవరి పేపరు వాళ్ళది.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? ఆకు పచ్చబడితే ఒకాయన జింకు అంటాడు, ఒకాయన వేరుకుళ్ళు అంటాడు, మందుల కొట్టాయన నాలుగు డబ్బాలు కట్టిస్తాడు. మట్టి, నీరు, వేరు, వాతావరణం నాలుగూ కలిపి చూసేవాడు ఎక్కడ? ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చిన మనందరం ఆ కలిపి చూడటం కోసమే కదా వచ్చింది.

అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అని ప్రభుత్వ సంస్థ ఉంది, ఎన్‌సీఐ అంటారు. 2005లో వాళ్ళు ట్రెక్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. తిండి, శ్రమ, బరువు, క్యాన్సర్ ఈ నాలుగింటినీ కలిపి చూసే పరిశోధన. 5 ఏళ్ళకు 5.4 కోట్ల డాలర్లు. అప్పటి డాలరు రేటుతో చూస్తే సుమారు 240 కోట్ల రూపాయలు.

నాకు ఆసక్తి అనిపించింది మొత్తం కాదు, డబ్బు పంచిన తీరు. విడివిడి శాస్త్రవేత్తలకు చిన్న చిన్న గ్రాంట్లు ఇవ్వలేదు. నాలుగు కేంద్రాలకు ఇచ్చారు: క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ, లాస్ ఏంజిలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ, మిన్నెసోటా యూనివర్సిటీ, సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రం. ప్రతి కేంద్రంలోనూ ల్యాబ్ సైన్సు వాళ్ళు, జనాభా లెక్కలు చూసేవాళ్ళు, మనుషుల అలవాట్లు చదివేవాళ్ళు ఒకే చోట పని చేయాలి. వాళ్ళతోపాటు కుర్ర శాస్త్రవేత్తలకు శిక్షణ ఇవ్వాలి. వీటన్నిటి మీద సమన్వయం కోసమే ఐదోది, ఒక కోఆర్డినేషన్ సెంటరు. అదీ సియాటిల్‌లోనే పెట్టారు.

ఈ కోఆర్డినేషన్ సెంటరు ఏం చేస్తుంది అని చాలామందికి అనుమానం. కుర్చీలు, కాఫీలు, మీటింగులేనా అని. కాదు. ఒక ఉదాహరణ చెప్తాను. మీ పొలం మట్టి ఒకే గుంటలోంచి తీసి మూడు ల్యాబ్‌లకు పంపండి. సేంద్రియ కర్బనం మూడు చోట్లా ఒకటే వస్తుందా? నేను పంపి చూశాను, రాలేదు. ఒకరు తీసే పద్ధతి వేరు, ఒకరు ఆరబెట్టే పద్ధతి వేరు. ఒక ఊళ్ళో కుంచంతో కొలిచి, ఇంకో ఊళ్ళో తవ్వతో కొలిచి, రెండూ కూడి దిగుబడి చెప్పినట్టు ఉంటుంది. నడుము చుట్టుకొలత కూడా అంతే. బొడ్డు దగ్గర కొలిచినవాళ్ళు ఒకరు, పక్కటెముక కింద కొలిచినవాళ్ళు ఒకరు. రక్తం పరగడుపున తీసినవాళ్ళు ఒకరు, తిన్నాక తీసినవాళ్ళు ఒకరు. అందరూ ఒకే కొలతతో కొలిచేలా, ఒకరి లెక్క ఇంకొకరు వాడుకునేలా చేయడమే సమన్వయం అంటే. దీనికి డబ్బు ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు, ఎందుకంటే ఫోటోలో చూపించడానికి ఏమీ ఉండదు.

ట్రెక్ రెండో విడత 2011 నుంచి 2016 దాకా నడిచింది. ఈసారి హార్వర్డ్, పెన్సిల్వేనియా, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. ఆ తర్వాత ట్రెక్ పేరు ఆగిపోయింది. మళ్ళీ 2020 దాటాక అదే ఎన్‌సీఐ ఇంకో పేరుతో, జీవక్రియ దెబ్బతినడానికీ క్యాన్సర్ ముప్పుకీ ఉన్న సంబంధం మీద కొత్త కార్యక్రమం పెట్టింది. దాన్ని మెడాక్ అని పిలుస్తున్నారు. అందులో కూడా అదే పద్ధతి, కొన్ని పరిశోధన బృందాలు, వాటిని కలిపే ఒక సమన్వయ కేంద్రం. ఈసారి ప్రశ్న కాస్త సూటిగా ఉంది: ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికి ముప్పు ఎక్కువ, ఇంకొకరికి తక్కువ ఎందుకు?

ఆ డబ్బుతో తెలిసిందేంటి?

ఒక్క ఉదాహరణ వివరంగా చెప్తాను. సియాటిల్‌లో ట్రెక్ డబ్బు కూడా తోడైన ఒక ప్రయోగం. 50 నుంచి 75 ఏళ్ళ మధ్య, నెలసరి ఆగిపోయిన, బరువు ఎక్కువున్న, పెద్దగా ఒళ్ళు కదలని 439 మంది ఆడవాళ్ళను తీసుకున్నారు. లాటరీ వేసి నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు తిండి తగ్గించారు. ఒక గుంపు చేత వారానికి 5 రోజులు, రోజుకు 45 నిమిషాల వ్యాయామం చేయించారు. ఒక గుంపుకు రెండూ. ఒక గుంపును మామూలుగా ఉండమన్నారు. ఏడాది నడిచింది. చివరిదాకా 399 మంది నిలిచారు. ఇలాంటి ప్రయోగంలో అంతమంది నిలవడం మామూలు విషయం కాదు.

ఫలితం: వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళు బరువులో 2.4% తగ్గారు. తిండి తగ్గించినవాళ్ళు 8.5%. రెండూ చేసినవాళ్ళు 10.8%. ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన ఎస్ట్రాడయాల్ చూస్తే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళలో 5% దాకా, తిండి తగ్గించినవాళ్ళలో 16%, రెండూ చేసినవాళ్ళలో 20% తగ్గింది. మందు బిళ్ళ లేదు, సర్జరీ లేదు. 80 కిలోల మనిషి 8 కిలోలు తగ్గితే హార్మోను ఐదో వంతు తగ్గింది అన్నమాట.

ఇది క్యాన్సర్ తగ్గిందని చూపించలేదు, గమనించండి. క్యాన్సర్‌కు దారి తీసే ఒక సంకేతం తగ్గిందని చూపించింది. క్యాన్సర్ రావడానికి ఇరవై ముప్పై ఏళ్ళు పడుతుంది, 5 ఏళ్ళ గ్రాంటు దాన్ని ఎలా పట్టుకుంటుంది? ఈ రంగంలో ఉన్న పెద్ద ఇబ్బంది అదే. కొబ్బరి మొక్క పెట్టి రెండో ఏడే కాయలేవని అడిగినట్టు ఉంటుంది డబ్బు ఇచ్చేవాళ్ళ ధోరణి.

నిజంగా బరువు తగ్గితే క్యాన్సర్ తగ్గుతుందా అన్నదానికి కాస్త గట్టి ఆధారం బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్ళ నుంచి వచ్చింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 2022లో ప్రచురించారు. సర్జరీ చేయించుకున్న 5,053 మందిని, వాళ్ళలాగే ఉండి సర్జరీ చేయించుకోని 25 వేల మందికి పైగా జనంతో పోల్చారు. 10 ఏళ్ళలో ఊబకాయంతో ముడిపడ్డ క్యాన్సర్లు సర్జరీ చేయించుకున్న ప్రతి వెయ్యి మందిలో 29 మందికి, చేయించుకోనివాళ్ళలో 49 మందికి వచ్చాయి. సున్నా కాలేదు చూడండి, తగ్గింది. అలాగని అందరూ సర్జరీకి పరుగెత్తమని కాదు. బరువు తగ్గితే ముప్పు వెనక్కి నడుస్తుంది అనడానికి ఇదొక సాక్ష్యం.

అమెరికా లెక్క మన ఒంటికి సరిపోదు

ఇంతవరకు చదివి "మన పల్లెల్లో అంత లావు మనుషులెక్కడ?" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019–21 లెక్కలు చూశాక నోరు మూసుకున్నాను. బీఎంఐ 25 దాటిన ఆడవాళ్ళు దేశం మొత్తం మీద 24%. ఆంధ్రప్రదేశ్‌లో 36.3%, తెలంగాణలో 30.1%. మగవాళ్ళలో దేశం 22.9% అయితే ఆంధ్రలో 31.1%, తెలంగాణలో 32.3%. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు.

అసలు సమస్య ఇంకోటుంది. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ అని షుగర్ మీద పరిశోధన చేసిన పెద్దాయన. 2004లో ఆయన, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ అనే డాక్టరు కలిసి లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వేయించుకున్నారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఉంటారు, ఇద్దరి బీఎంఐ 22.3. కానీ స్కాన్ తీస్తే ఆ ఇంగ్లీషు డాక్టరు ఒంట్లో కొవ్వు 9.1%, మన యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2%. బయటికి సన్నం, లోపల కొవ్వు. అందుకే మనవాళ్ళకు బీఎంఐ 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు, నడుము మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. అమెరికా కొలబద్దతో చూస్తే మనలో సగం మంది ప్రమాదం లేనట్టే కనపడతారు.

యాజ్ఞిక్ గారి బృందం పుణే చుట్టుపక్కల 6 పల్లెల్లో, వ్యవసాయ కుటుంబాల్లోని గర్భిణీలను చూసింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లో 3.5 కిలోలు. మన బిడ్డలు చిన్నగా ఉన్నారు, కండ తక్కువ, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం అంత తక్కువ లేదు. అంటే ఈ కథ తల్లి కడుపులోనే మొదలవుతోంది. ఆ పల్లెల్లోనే ఇంకో సంగతి తేలింది. ఆకుకూరలు, పండ్లు, పాలు తరచుగా తిన్న తల్లుల బిడ్డలు కాస్త పెద్దగా పుట్టారు. ఎక్కువ బరువు పని చేసిన తల్లుల బిడ్డలు చిన్నగా పుట్టారు. కాన్పు దగ్గర పడేదాకా నాట్లు వేయించే ఇళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి, ఇది వాళ్ళ కోసం.

మన దగ్గరిది ఇంకా బాగుంటుంది. 1987–90 మధ్య హైదరాబాద్ దగ్గర 29 పల్లెల్లో, సగం ఊళ్ళలో అంగన్‌వాడీ ద్వారా గర్భిణీలకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. ఉప్మానే. మిగతా ఊళ్ళకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు అప్పుడు బిడ్డల బరువులు రాసి పెట్టుకున్నారు. 15 ఏళ్ళ తర్వాత, 2003–05లో, ఆ పిల్లలను వెతుక్కుంటూ వెళ్ళి 1,165 మందిని పరీక్షించారు. అదనపు ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువున్నారు. ఇన్సులిన్ మాట వినకపోవడం వాళ్ళలో 20% తక్కువ. రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. ఒక పాత రిజిస్టరు జాగ్రత్తగా దాచి పెట్టినందుకు ఇంత పెద్ద సంగతి తెలిసింది. ఆ పల్లెల అధ్యయనం ఆ తర్వాత కూడా కొనసాగింది, తల్లిదండ్రులను కూడా కలుపుకున్నారు. సమన్వయ పరిశోధనకు డబ్బు అంటే ఏటా కొత్త ప్రాజెక్టు పెట్టడం కాదు, ఇలాంటి రిజిస్టర్లను పోకుండా చూడటం కూడా.

ఇక దేశం మొత్తానికి ఐసీఎంఆర్ డబ్బుతో, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ నడిపిన సర్వే ఉంది. 2008 నుంచి 2020 దాకా, అన్ని రాష్ట్రాల్లో 1,13,043 మందిని ఒకే పద్ధతిలో పరీక్షించారు. షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, షుగర్ అంచున ఉన్నవాళ్ళు 13.6 కోట్లు, పొట్ట ఊబకాయం ఉన్నవాళ్ళు 35.1 కోట్లు అని 2023లో లెక్క చెప్పారు. ఈ జనంలో ఎంతమందికి తర్వాత ఏ క్యాన్సర్ వస్తుందో వెంటబడి చూస్తే మనకు మన లెక్క దొరుకుతుంది. ఒకసారి కొలిచి వదిలేస్తే దొరకదు.

మనకు కాస్త చేదు నిజం

అదే సర్వే నుంచి 2025లో ఇంకో వ్యాసం వచ్చింది. ఇది మన చిరుధాన్యాల రైతులు కోప్పడకుండా చదవాలి. మన దేశంలో తినే తిండిలో 62% శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. తెల్లన్నం, పిండ్లు, చక్కెర. పాలిష్ బియ్యం బదులు గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో పెట్టుకుంటే షుగర్ ముప్పు తగ్గుతుందా అని చూశారు. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా ఒకదాని బదులు ఒకటి మార్చితే తగ్గినట్టు కనిపించలేదు. అందులో కొంత తగ్గించి పప్పులు, పాలు, పెరుగు, గుడ్లు, చేపల్లాంటి మాంసకృత్తులు పెట్టుకుంటే ముప్పు తక్కువగా కనిపించింది.

అంటే కొర్రలు పనికిరావని కాదు. కొర్రన్నం కూడా పళ్ళెం నిండా పెట్టుకుని, పక్కన చారెడు పప్పు వేసుకుంటే లాభం తక్కువ. కొర్రన్నం సగం చేసి, కందిపప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచితే అప్పుడు లెక్క వేరు. నా మట్టుకు నాకు ఇందులో చిరుధాన్యాలకు నష్టం కనపడలేదు. పైగా మన కలిపి వేసే పంటలకు లాభమే కనపడింది: కొర్రలో కంది, గట్ల మీద బొబ్బర్లు, పెరట్లో మునగ, తోటకూర. పొలంలో ఉన్న పొందిక పళ్ళెంలోకి వస్తే చాలు.

సేంద్రియ తిండికీ క్యాన్సర్‌కీ లెక్క ఉందా?

మిత్రుడి ప్రశ్నకు నేరుగా జవాబు ఇక్కడుంది. ఈ ప్రశ్న మీద రెండు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. రెండూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

ఫ్రాన్స్‌లో 68,946 మందిని చూసి 2018లో రాసింది ఒకటి. సేంద్రియ ఆహారం అందరికంటే ఎక్కువ తిన్నవాళ్ళలో, అందరికంటే తక్కువ తిన్నవాళ్ళకన్నా క్యాన్సర్ 25% తక్కువ. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఇదొక్కటే.

ఇంగ్లండ్ వాళ్ళది 2014లో వచ్చింది. 6,23,080 మంది ఆడవాళ్ళు, అంటే దాదాపు తొమ్మిది రెట్లు పెద్దది. సేంద్రియం ఎప్పుడూ తినేవాళ్ళకీ, అసలు తిననివాళ్ళకీ మొత్తం మీద క్యాన్సర్‌లో తేడా కనపడలేదు. నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా అనే ఒక్క రకం మాత్రం తక్కువ ఉన్నట్టు అనిపించింది. అదే రకం ఫ్రాన్స్ లెక్కలోనూ తక్కువే. పురుగుమందులు కొట్టేవాళ్ళలో ఎక్కువగా అనుమానించే రకాల్లో అదొకటి కాబట్టి, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రుజువైపోయిందనీ అనలేం.

ఎందుకింత తేడా? సేంద్రియం కొనుక్కునేవాళ్ళు మామూలుగా చదువుకున్నవాళ్ళు, నాలుగు డబ్బులున్నవాళ్ళు. బరువు తక్కువ, పొగ తాగడం తక్కువ, కూరగాయలు ఎక్కువ. క్యాన్సర్ తగ్గింది తిండి సేంద్రియం అవడం వల్లనా, ఆ మనుషులు సన్నగా ఉండటం వల్లనా? లెక్కల్లో ఇవి విడగొట్టడానికి ప్రయత్నిస్తారు, పూర్తిగా విడగొట్టలేరు. బరువు, జీవక్రియ, ఆహారం, మందుల అవశేషాలు నాలుగూ కలిపి చూడాలని మొదటినుంచీ చెప్తున్నది అందుకే.

ఆ ఫ్రాన్స్ పేపరు పట్టుకుని సంచి మీద "క్యాన్సర్ రాదు" అని వేస్తే, రేపు ఇంగ్లండ్ పేపరు పట్టుకుని ఎవడో వస్తాడు. పైగా రోగం నయం చేస్తుంది, రాకుండా ఆపుతుంది అని ఆహారం మీద ఇష్టం వచ్చినట్టు రాయడాన్ని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు. అన్నిటికన్నా నాకు భయమేసేది ఇంకోటుంది. రొమ్ములో గడ్డ తగిలిన అక్క ఎవరో ఆ సంచి చదివి, ఆరు నెలలు ఈ బియ్యం తిని చూద్దాం అనుకుంటే? ఆ ఆరు నెలలు మనం తిరిగి ఇవ్వలేం.

మన ఊళ్ళలోనే జరుగుతున్న పరిశోధన

సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం వల్ల మనుషుల ఆరోగ్యానికి నిజంగా మేలుందా అని చూడటానికి బ్లూమ్ అనే అధ్యయనం పెట్టారు. ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళు, మన దేశంలోని పరిశోధకులు కలిసి చేస్తున్నది. 80 గ్రామ క్లస్టర్లు తీసుకుని, ఎక్కడ కార్యక్రమం పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అనేది లాటరీతో తేల్చే పద్ధతి. మూత్రంలో పురుగుమందుల అవశేషాలు కొలవడం, ఇంట్లో ఎన్ని రకాల తిండి తింటున్నారో రాసుకోవడం అందులో ముఖ్యం. లాటరీ ఎందుకంటే, సియాటిల్ ఆడవాళ్ళ విషయంలో వేసినట్టే, "వీళ్ళు ముందే ఆరోగ్యవంతులు" అనే పేచీ రాకుండా.

ఇది క్యాన్సర్ అధ్యయనం కాదు. క్యాన్సర్ దాకా చూడాలంటే ఇవే కుటుంబాలను ఇరవై ఏళ్ళు చూడాలి, నడుము, ఇన్సులిన్ కొలవాలి, ఆసుపత్రి రికార్డులతో కలపాలి. దానికి ఎవరైనా డబ్బు పెట్టాలి. అడగాల్సింది మనమే. రైతు ఉత్పత్తిదారుల సంఘాల మీటింగుల్లో మద్దతు ధర అడుగుతాం, సబ్సిడీ అడుగుతాం, ఇది మాత్రం అడగం.

ఒక విన్నపం. ఇలాంటి అధ్యయనం వాళ్ళు మీ ఊరొచ్చి మూత్రం సీసా చేతికిస్తే నవ్వుకోకండి, తిప్పి పంపకండి. ఎందుకు, ఏం చేస్తారు, ఫలితం మాకు చెప్తారా అని అడిగి, సరే అనిపిస్తే ఇవ్వండి. మీరు రసాయనాలు వాడే రైతయినా ఇవ్వండి. పోల్చడానికి మీ సీసా లేకపోతే మా సీసాకు విలువ లేదు.

మిత్రుడు చివరికి సంచి మీద ఏం వేయించాడంటే: వరి రకం పేరు, కోసిన నెల, ఎంత పాలిష్ పట్టిందీ, ఏ ఎరువు వాడిందీ, తన ఫోన్ నంబరు. కింద చిన్న అక్షరాలతో "అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు ఒక గరిటె పెంచండి" అని కూడా వేయిస్తానన్నాడు. బియ్యం అమ్మేవాడివి అన్నం తగ్గించమని రాస్తావా అని వాళ్ళావిడ తిట్టిందట. పోయినసారి కొన్నవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఫోన్ చేశారని, ఈసారి కందులు కూడా అడుగుతున్నారని నిన్ననే చెప్పాడు. గట్ల మీద కంది ఎలా వేశాడో వచ్చే వారం వీడియోలో చూపిస్తాను.